నలభై రెండు మీటర్ల టేపు

మధ్యాహ్నం రెండుంపావుకు లింగమూర్తి ప్యాకింగు బల్ల మీద ఒక ఇనుప వాషరు, అరచేతి వెడల్పు ఫెల్టు గుడ్డ, దారపుండ పెట్టాడు. చేతి గడియారం విప్పి వాటి పక్కన పెట్టాడు.

"చుట్టు," అన్నాడు.

రసజ్ఞ ఆయన వంక చూసింది. "ఏంటండీ?"

"గా వాషర్‌ను చుట్టమ్మా. మీ సార్ నాణేన్ని ఎట్ల చుడతడో గట్ల."

రసజ్ఞకు ఇరవై నాలుగేళ్లు. ఊరు తణుకు. నిజాంపేటలో హాస్టల్లో ఉంటూ, కొండాపూర్‌లోని ఈ మూడో అంతస్తు ఆఫీసులో నాలుగు నెలలుగా పనిచేస్తోంది. యజమాని నారాయణప్ప పాత నాణేల వ్యాపారి. గత శుక్రవారం ఇక్కడి నుంచి పన్నెండు మొఘల్ బంగారు మొహర్లు ముంబయిలోని ఒక వేలం సంస్థకు బయల్దేరాయి. బీమా మూడు కోట్ల నలభై లక్షలు. సోమవారం అక్కడ కెమెరా ముందు పెట్టె విప్పితే పన్నెండు వాషర్లు బయటపడ్డాయి. నారాయణప్పను అడుగుదామంటే ఆయన శుక్రవారం సాయంత్రమే గుండెపోటుతో ఆసుపత్రిలో చేరాడు. ఇవాళ గురువారం. ఇంకా వెంటిలేటర్ తీయలేదు.

మిగిలింది రసజ్ఞ. బీమా కంపెనీ ఫిర్యాదు మీద ఎస్ఐ మహేశ్ ఆమె పేరు ఎఫ్ఐఆర్‌లో రాశాడు. ఐదు గంటలకు అరెస్టు చేస్తానన్నాడు. ఉదయమే చెయ్యాల్సింది. ఒకప్పుడు తనకు పని నేర్పిన లింగమూర్తి ఫోన్ చేసి అడిగాడు కాబట్టి ఐదు దాకా ఆగాడు. లింగమూర్తి నగర పోలీసు క్రైమ్ విభాగం సీసీఎస్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాడు. ఉదయం పదకొండింటికి నారాయణప్ప భార్య కమలమ్మ ఆసుపత్రి వరండాలోంచి ఫోన్ చేసి కేసు అప్పగించింది. "ఆ పిల్ల అట్లాంటిది కాదప్పా" అని మాత్రం చెప్పగలిగింది.

రసజ్ఞ గుడ్డ పరిచి, వాషర్ని మధ్యలో పెట్టి, నాలుగు వైపులా మడిచింది. దారం మూడు చుట్లు తిప్పి ముడి వేసింది. ముడి జారింది. విప్పి మళ్లీ వేసింది.

"అయిందండీ."

లింగమూర్తి గడియారం చూశాడు. "రెండు నిమిషాల యాభై సెకన్లు. అంటే పన్నెండింటికి?"

"ముప్పై నాలుగు నిమిషాలండి."

"పెట్టెతోని నువ్వు ఒక్కదానివే ఉన్నదెంతసేపు?"

"పదకొండు నిమిషాలండి. సారు పదకొండూ ముప్పై ఎనిమిదికి వీడియో ఆపేశారు. పదకొండూ నలభై తొమ్మిదికి కొరియర్ అబ్బాయి వచ్చాడు."

గుమ్మంలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఏంది సారూ, ట్యూషన్ పెట్టినారా?"

హేమంత్. బీమా కంపెనీ తరఫు దర్యాప్తు అధికారి. కర్నూలు మనిషి, ముప్పై ఐదేళ్లుంటాయి. మెడలో ఐడీ కార్డు, చేతిలో టాబ్లెట్. మంగళవారం నుంచి ఈ కేసు మీదే ఉన్నాడు. అప్పుడే నలభై పేజీల రిపోర్టు తయారు చేశాడు.

"రాండ్రి హేమంత్ గారూ. మీరూ ఒకటి చుడతరా?"

"మీరు చుట్టే టైమ్ లెక్కేస్తున్నారు. ముందే ఇంట్లో చుట్టి బ్యాగులో తెచ్చుకునింటే? పదకొండు నిమిషాలు బాగా సరిపోతాయి. పెట్టె కొయ్యడం, మార్చడం, మళ్లీ టేపు అంటించడం. క్లీన్ జాబ్."

రసజ్ఞ చేతులు బల్ల కిందికి వెళ్లాయి.

"బరువు కూడా చూడండి," అన్నాడు హేమంత్. "ఇక్కడ ఎనిమిది వందల అరవై గ్రాములు. ముంబయిలో ఎనిమిది వందల అరవై. గ్రాము తేడా లేదు. తూకం మిషన్ ఎవరి చేతిలో ఉంటాది? ఈ అమ్మాయి చేతిలో."

"గదే నాకు సమజ్ అయితలేదు," అన్నాడు లింగమూర్తి. "దొంగకు కావాల్సింది పెట్టె ఈ ఆఫీసు గడప దాటుడు. పది గ్రాములు అటో ఇటో అయితే కొరియర్ పిల్లగాడు పట్టిస్తడా? గంత ఓపికతోని గ్రాము గ్రాము సరిచూసిండంటే వాడు దొంగ కాదు, పనిమంతుడు."

హేమంత్ నవ్వాడు. "డైలాగు బాగుంది. కోర్టులో పనికిరాదు."

లింగమూర్తి లేచి బల్ల చుట్టూ తిరిగాడు. గోడకు బీమా కంపెనీ నిబంధనల కాగితం అతికించి ఉంది. పెట్టెలో పెట్టె ఉండాలి. ఊపితే చప్పుడు రాకూడదు. ప్యాకింగు మొత్తం ఆపకుండా వీడియో తీయాలి. నీళ్లు తడిపి అంటించే కాగితపు టేపే వాడాలి, ఒక్క వరస మాత్రమే. టేపు అంచు మీద పంపేవాడి సంతకాలు మూడు. చదివి పక్కనున్న బీరువా తెరిచాడు. ఖాళీ అట్టపెట్టెలు, ఫెల్టు తాను, టేపు రోలు ఒకటి.

"ఈ రోలు ఎన్నడు తెరిచినవమ్మా?"

"శుక్రవారం పొద్దున్నేనండి. స్టాకు పుస్తకంలో రాశాను. యాభై మీటర్ల రోలు."

"తర్వాత ఇంకేమన్న ప్యాక్ చేసిండ్రా?"

"లేదండి. సారు ఆసుపత్రిలో ఉంటే ఇంకేం పంపుతామండీ."

లింగమూర్తి ఖాళీ అట్టపెట్టె ఒకటి తీసుకుని, నిబంధన ప్రకారం ఎక్కడెక్కడ టేపు పడాలో అక్కడల్లా దారం పెట్టి కొలిచాడు. నాలుగు మీటర్లు. ఆ తర్వాత రోలు పట్టుకుని వరండాలోకి నడిచాడు. నేల మీద టేపు పరుచుకుంటూ చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు. గచ్చు పలకలు లెక్కపెట్టాడు. ఒక్కో పలక అరవై సెంటీమీటర్లు. పోవడానికి ముప్పై ఐదు, రావడానికి ముప్పై ఐదు. రోలు అక్కడితో అయిపోయింది.

పక్క ఆఫీసులోంచి కాఫీ కప్పులతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు టేపు తొక్కకుండా గోడ పక్కనుంచి నడిచి వెళ్లారు.

"నలభై రెండు మీటర్లు," అన్నాడు లింగమూర్తి. "ఒక పెట్టెకు నాలుగు పోతది. యాభైలో నలభై ఆరు మిగలాలె. ఇంకో నాలుగు మీటర్లు ఎటు పోయింది?"

"నేను చెప్పేదీ అదే కదా," అన్నాడు హేమంత్. "కోసింది. మళ్లీ అంటించింది. రెండుసార్లు వాడింది. మీరే నా కేసు గట్టి చేస్తున్నారు సార్, థాంక్స్."

"ముంబయి వీడియో పెట్టుండ్రి జర."

హేమంత్ టాబ్లెట్ అందించాడు. లింగమూర్తి వీడియోను పెట్టె విప్పకముందు ఆపి, వేలితో పెద్దది చేశాడు.

"ఈ టేపు పీకితే అట్ట పైపొర ఊడొస్తది. పీకకుండ మీదికెళ్లి అంటిస్తే రెండు వరసలు కనబడతది. ఇక్కడ ఒక్కటే వరస. అట్ట మీద గీత కూడ లేదు. ఈ పెట్టెను ఒక్కసారే మూసిండ్రు."

"కొత్త పెట్టెలో పెట్టిందేమో."

"మంచిది. ఇగ మీ రిపోర్టు నాలుగో పేజీ తీయుండ్రి. టేపు మీది మూడు సంతకాలు ఎవరివని రాసిండ్రు?"

హేమంత్ పేజీ తీయలేదు. అందులో ఏముందో ఆయనకు తెలుసు. దస్తూరి నిపుణుడితో పరీక్ష చేయించిందీ ఆయనే.

"నారాయణప్పవి," అన్నాడు.

"అంటే ముంబయికి పోయిన పెట్టె నారాయణప్ప చేతితోనే మూసిండు. లోపల వాషర్లు చుట్టింది కూడ ఆయనే. ఆ ముడి చూసినా తెలుస్తది."

"అయితే ఇంకా మంచిది." హేమంత్ టాబ్లెట్ వెనక్కి తీసుకున్నాడు. "ముసిలాయనే మోసం చేసినాడు. ఈ పిల్ల సాయం చేసింది. క్లెయిమ్ కొట్టేస్తాం, ఇద్దరి మీదా కేసు."

"మీకు ఒకరైనా ఇద్దరైనా ఒకటే ఉన్నట్టుంది."

"నాకు ఫైలు క్లోజ్ కావాల. అంతే."

"ఫైలు క్లోజ్ అయితది. కానీ ఇక్కడ తీసిన ప్యాకింగు వీడియోల ఆయన అసలు మొహర్లే చుట్టి, అసలు పెట్టెకే టేపేసిండు. ముంబయిలేమో వాషర్ల పెట్టె దిగింది. రెండూ ఆయనే మూసిండు. టేపు ఎనిమిది మీటర్లు. లెక్క మీరే చెయ్యుండ్రి."

హేమంత్ లెక్క చెయ్యలేదు. గడియారం చూసుకున్నాడు. మూడు దాటి ఐదు నిమిషాలు.

"ఐదుకు స్టేషన్లో కలుద్దాం," అని వెళ్లిపోయాడు.

లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించేదాకా లింగమూర్తి గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత కుర్చీ లాక్కుని రసజ్ఞ ఎదురుగా కూర్చున్నాడు.

"రెండో పెట్టె యాడుందమ్మా?"

రసజ్ఞ తాను చుట్టిన పొట్లం దారం విప్పడం మొదలుపెట్టింది.

"చెప్పనని ఒట్టేసినవా?"

ఆమె తలూపింది. "చేరిన మొదటి రోజే సారు చెప్పారండి. ఎప్పుడు పంపినా రెండు పెట్టెలు వెళ్తాయి, ఆ సంగతి గోడకు కూడా చెప్పకు అని."

"మరి పోలీసులకు కూడ చెప్పలే?"

"హేమంత్ గారు మా కొరియర్‌కి ఎన్ని పెట్టెలిచ్చావు అని అడిగారండి. ఒకటే అన్నాను. అది నిజమే కదండీ. రెండోది ఊళ్లో పార్శిళ్లు తీసుకెళ్లే బైకు అబ్బాయికిచ్చాను." ఆమె గొంతు తగ్గింది. "సారు తలుపేసుకునే ప్యాక్ చేస్తారండి. నేననుకున్నదేంటంటే, సారు నాణేలు సగం సగం చేసి రెండిట్లో పెడతారని. మొత్తానికి బీమా చేసి సగమే ఆ పెట్టెలో పంపారని తెలిస్తే వాళ్లు సారునే దొంగ అంటారు కదండీ. ఆయన వెంటిలేటర్ మీద ఉన్నారు. లేచాక ఆయనే చెప్పుకుంటారులే అని ఊరుకున్నాను."

"నువ్వు జైలుకు పోతవని తెల్సి కూడ?"

"బెయిలొస్తుంది కదండీ," అంది రసజ్ఞ. తర్వాత ఏడ్చింది.

లింగమూర్తి మంచినీళ్ల సీసా ఆమె ముందుకు జరిపి, ఏడుపు ఆగేదాకా ఆగాడు.

"లేబుళ్లు ఎవరు అంటించిండ్రు?"

"ఎప్పుడూ సారే అంటిస్తారండి. ఆ రోజు ఛాతీలో పట్టేసినట్టుందని లోపల గదిలో పడుకున్నారు. కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడి లేటవుతోంది లేటవుతోంది అంటున్నాడు. రెండు పెట్టెలూ అక్కడున్నాయి, రెండు లేబుళ్లూ ఉన్నాయి. ఒకటి ముంబయిది, బీమాది. ఇంకోటి బాచుపల్లిలో సారు వాళ్ల ఫ్లాటుకి, మామూలుది. రెండిట్లోనూ నాణేలే అనుకున్నాను కాబట్టి ఏదైనా ఒకటే అనుకున్నానండి. కాకపోతే ఒక పెట్టెకు అడుగున పసుపు బొట్టుంది."

"పసుపు?"

రసజ్ఞ గోడ మీది కాగితం చూపించింది. "ఆరో నిబంధనండి. పెట్టె బయట ఏ గుర్తూ, ఏ మరకా ఉండకూడదు. ఉంటే బీమా చెల్లదు. అందుకని బీమా లేబులు శుభ్రంగా ఉన్న పెట్టెకు అంటించాను."

లింగమూర్తి లేచి నిలబడ్డాడు. వెంటనే కమలమ్మకు వీడియో కాల్ చేశాడు. ఆమె ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఉంది.

"అమ్మా, మీ ఆయన పెట్టెకు పసుపు ఎందుకు పెడతడు?"

"మా మామగారి కాలం నుంచి అంతేనప్పా," అంది కమలమ్మ. "ప్రొద్దుటూరు నుంచి మద్రాసుకు బంగారం పంపాలంటే రెండు సంచులు, ఇద్దరు మనుషులు, రెండు బస్సులు. ఒకదాంట్లో బంగారు, ఒకదాంట్లో ఇత్తడి. ఏది ఎవరి దగ్గరుందో మోసేటోళ్లకే తెలీదు. బంగారు సంచికి అడుగున పసుపు పెడతారు. మా ఆయన ఇప్పుడూ అదే చేస్తాడు. ఇత్తడికి బదులు వాషర్లు. అవి మా ఇంటికొస్తాయి. ఇంట్లో ఒక డబ్బా నిండా వాషర్లే పోగైనాయి, చిల్లర కింద కూరగాయలోడు గూడ తీసుకోడు."

"ఈసారిది ఇంటికొచ్చిందా?"

"నేను ఇంటికి పోయి ఆరు దినాలైంది కదప్పా. గేటు దగ్గర పెట్టుంటారు. ఫోను చార్జింగు గూడ ఇప్పుడే నర్సమ్మ పెట్టింది." అంతలో ఆమె ఆగింది. "అయితే మా పసుపు పెట్టె..."

"ఫోను దగ్గర్నే పెట్టుకోండ్రి," అన్నాడు లింగమూర్తి.

కారు మూడూ ఇరవైకి కదిలింది. రసజ్ఞ ముందు సీట్లో కూర్చుంది. లింగమూర్తి దారిలో మహేశ్‌కు ఫోన్ చేసి, స్టేషన్లో కాకుండా బాచుపల్లికి రమ్మన్నాడు. "ఎందుకు సార్?" అంటే "వస్తే చూస్తవు" అన్నాడు. నిజాంపేట రోడ్డు మీద పన్నెండు నిమిషాలు నిలబడ్డారు. రసజ్ఞ ఒక్కసారే మాట్లాడింది.

"లేకపోతే ఎలాగండీ?"

లింగమూర్తి గేరు మార్చాడు. మూడు కోట్ల నలభై లక్షల బంగారం, రెండు వందల రూపాయల కిరాయికి బైకు మీద పోయి, బీమా లేకుండా, అందినట్టు సంతకం లేకుండా, ఆరు రోజులు వాచ్‌మన్ గదిలో ఉంది. ఉంటే. ఆ మాట ఆమెతో అనలేదు.

నాలుగూ పద్దెనిమిదికి గేటు దగ్గర దిగారు. సెక్యూరిటీ గదిలో బుల్లిబాబు అనే శ్రీకాకుళం మనిషి ఉన్నాడు. వెనక ఇనుప అరల్లో పార్శిళ్లు.

"సి బ్లాకు ఎనిమిది వందల నాలుగు," అన్నాడు లింగమూర్తి. "శుక్రవారం వచ్చిన పెట్టె."

"ఓనరమ్మ యాప్‌లో ఓకే కొట్టాలి బాబూ. నేకపోతే ఇవ్వనేను."

లింగమూర్తి ఫోన్లో కమలమ్మను చూపించాడు. బుల్లిబాబు ఆమె ముఖం చూసి నమస్కారం పెట్టాడు. అయినా కదల్లేదు. కమలమ్మ యాప్ తెరిచి, నర్సు చూపించిన చోట వేలితో నొక్కింది. బుల్లిబాబు ఫోను మోగింది. అప్పుడు లేచి, కింది అరలో, ఆవకాయ జాడీల పెట్టె వెనక నుంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

లింగమూర్తి పెట్టెను తిరగేశాడు. అడుగున, ఒక మూల, రూపాయి బిళ్లంత పసుపు.

టేపు తెగలేదు. సంతకాలు మూడూ ఉన్నాయి. ఆయన వీడియో కాల్ ఆపకుండా, రసజ్ఞ ఫోన్లో రికార్డింగు పెట్టించాడు. బుల్లిబాబు కత్తెర ఇచ్చాడు. పెట్టెలో పెట్టె. అందులో పన్నెండు ఫెల్టు పొట్లాలు. మొదటి దానికి దారం మూడు చుట్లు, ముడి ఒకటి. విప్పాడు. గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లలో మొహరు.

పన్నెండూ విప్పేసరికి నాలుగూ ఇరవై తొమ్మిది అయింది. పన్నెండూ మొహర్లే.

ఫోన్లో కమలమ్మ కొంగు కళ్లకు అద్దుకుంది. "ఇప్పుడు పోయి ఆయన చెవిలో చెప్తా. వినపడినా వినపడకపోయినా చెప్తా."

రసజ్ఞ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి నవ్వింది. "ఆవకాయ పక్కన పెట్టారేంటండీ," అంది.

"సల్లగుంటదని," అన్నాడు బుల్లిబాబు.

అప్పుడే మహేశ్ జీపు వచ్చింది. ఎస్ఐ లోపలికొచ్చి, బల్ల మీది మొహర్లు చూసి, టోపీ తీశాడు. లింగమూర్తి మూడు వాక్యాల్లో చెప్పాడు.

"అయితే దొంగతనమే కాలే?" అన్నాడు మహేశ్.

"దొంగతనం కాలే. లేబులు మారింది. గంతే."

"బతికించిండ్రు సార్. ఆడపిల్లను లోపలేస్తే నాకూ మంచిగనిపిస్తలేకుండె." రసజ్ఞ వైపు తిరిగాడు. "ఇంటికి పో చెల్లే. రేపొచ్చి స్టేట్‌మెంట్ ఒకటి ఇయ్యి. ఫికర్ చెయ్యకు."

పెట్టె ఇచ్చినట్టు రాయడానికి బుల్లిబాబు రిజిస్టరు తెరిచాడు. "పొద్దున్నొచ్చిన సారు గానీ మీవోడేటి బాబూ? ఆయనకిచ్చెయ్యనేదని నా మీద శానా ఎగిరాడు."

లింగమూర్తి రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. "ఎవరొచ్చిండ్రు?"

బుల్లిబాబు వేలు పెట్టి చూపించాడు. ఈ రోజు తేదీ. ఉదయం ఎనిమిదీ పదిహేను. పని: 804 పార్శిల్. పేరు: హేమంత్, బీమా కంపెనీ. పక్కన సంతకం.

లింగమూర్తి ఆ వరస రెండోసారి చదివాడు. తాను ఈ కేసులో అడుగుపెట్టింది పదకొండింటికి. అప్పటికి దాదాపు మూడు గంటల ముందే హేమంత్‌కు ఈ పెట్టె సంగతి తెలుసు. తెలిసే మధ్యాహ్నం వరండాలో నిలబడి, ఈ పిల్ల కోసిందని వాదించాడు.

"ఆయనకు ఎట్ల తెల్సింది?" అన్నాడు మహేశ్.

"మా ఆఫీసు కింద లాబీలో రిజిస్టరు ఉంటుందండి," అంది రసజ్ఞ మెల్లగా. "బయటికెళ్లే ప్రతి పెట్టె రాస్తారు. మంగళవారం ఆయన దాన్ని ఫోటో తీసుకున్నారు." లేచి నిలబడింది. "ఎనిమిదీ పదిహేను అన్నారా? ఎనిమిదిన్నరకు నాకు ఫోన్ చేశారండి. నాణేలు నేనే తీశానని ఒక కాగితం రాసిస్తే కంపెనీ కేసు పెద్దది చెయ్యదని, ఆయనే చూసుకుంటారని. సాయంత్రం లోగా రాసిమ్మన్నారు."

"రాసిచ్చినవా?"

"సగం రాశానండి." హ్యాండ్‌బ్యాగులోంచి మడిచిన కాగితం తీసింది. "ఈలోగా మీరొచ్చారు."

లింగమూర్తి ఆ కాగితం తీసుకుని మహేశ్ చేతిలో పెట్టాడు. ఆమె ఒప్పుకుంటే నాణేల కోసం వెతికేవాళ్లు ఉండరు. రెండో పెట్టె గురించి అడిగేవాళ్లూ ఉండరు.

"బుల్లిబాబూ, ఆయనకు నువ్వేం చెప్పినవు?"

"ఓనరమ్మ ఫోనెత్తట్నేదు, ఆవిడ సంతకం ఎట్టిన కాగితం తెస్తే ఇత్తానన్నాను బాబూ. సాయంత్రం తెత్తానన్నాడు."

లింగమూర్తి ఫోను వైపు వంగాడు. "కమలమ్మా, మీరు ఈ ఆరు రోజుల్ల ఏ కాగితం మీదన్న సంతకం పెట్టిండ్రా?"

"ఆసుపత్రి కాగితాలు తప్ప ఏం పెట్టలేదప్పా."

మహేశ్ టోపీ పెట్టుకున్నాడు. జీపును బ్లాకు వెనక్కి తీసుకుపొమ్మని డ్రైవరుకు చేత్తో సైగ చేశాడు. లింగమూర్తి మొహర్లు సర్ది, పెట్టె మూసి, అదే అరలో జాడీల వెనక పెట్టాడు. రసజ్ఞనూ మహేశ్‌నూ ఇనుప అరల వెనక నిలబెట్టి, తానూ అక్కడే చేరాడు.

నాలుగూ నలభై ఆరు. బుల్లిబాబు కిటికీలోంచి బయటికి చూసి గొంతు తగ్గించాడు.

"బాబూ, ఆ తెల్ల కారే. చేతిలో కవరుంది."

"గేటు తియ్యి," అన్నాడు లింగమూర్తి. "మర్యాదగా కూసోబెట్టు. కాగితం నీ చేతికిచ్చి, పెట్టె కావాలని నోటితోని అడిగినంక గేటు మూసెయ్."